రన్‌వే మీదే ఆగిన విమానం: పరిహారం అడగొచ్చా?

ప్రశ్న: గత నెల మా అమ్మతో శంషాబాద్ నుంచి ఢిల్లీ బయల్దేరాను. విమానం రన్‌వే మీద వేగం అందుకున్నాక ఒక్కసారిగా బ్రేకులు పడ్డాయి. సాంకేతిక లోపమన్నారు. వెనక్కి తెచ్చి రెండున్నర గంటలు లోపలే కూర్చోబెట్టారు. ఏసీ లేదు. అడగ్గా అడగ్గా తలా ఒక గ్లాసు నీళ్లిచ్చారు. చివరికి దింపేసి ఫ్లైట్ రద్దన్నారు, మర్నాడు వెళ్తారా, డబ్బు వాపసు తీసుకుంటారా అన్నారు. ఆ రోజే నా ఇంటర్వ్యూ. వేరే కంపెనీ టికెట్లు రెండూ 27,600 పెట్టి కొన్నా అందుకోలేకపోయాను. పాత టికెట్ల 10,400 మాత్రం వచ్చింది. బ్రేకు పడ్డప్పుడు అమ్మ మోకాలు ముందు సీటుకు కొట్టుకుని వాచింది. కేసు వేయొచ్చా? – ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: వేయొచ్చు. కాకపోతే దేనిమీద వేస్తున్నారో ముందు తేల్చుకోండి. ఇలాంటి కేసుతో వచ్చేవాళ్లు "పైలట్ సడన్‌గా బ్రేకేశాడండీ" అనే మొదలుపెడతారు. దాన్ని పైలట్ చేసిన తప్పని రాయకండి. ప్రతి టేకాఫ్‌కీ ముందే లెక్కగట్టిన ఒక వేగం ఉంటుంది, పైలట్లు వీ-వన్ అంటారు. దానికి లోపు పెద్ద తేడా కనిపిస్తే ఆపేస్తారు, దాటితే పైకి లేపుతారు. దాటాక ఆపబోతే రన్‌వే చాలకపోవచ్చు. మీ పైలట్ తన పని తాను చేశాడు. అంత వేగంలో ఆపిన బ్రేకులు విపరీతంగా వేడెక్కుతాయి, చల్లారాలి, చక్రాలు పరీక్షించాలి. ఈలోగా సిబ్బంది డ్యూటీ గంటలు అయిపోవచ్చు. ఆలస్యంలో కొంత ఇందువల్లే.

మీ కేసు బలం ఆ తర్వాతి గంటల్లో ఉంది.

ముందుగా చెప్పకుండా ఫ్లైట్ రద్దు చేస్తే, టికెట్ డబ్బు వాపసుకు అదనంగా పరిహారం ఇవ్వాలని పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధన. రెండు గంటలు మించిన ప్రయాణానికి 10,000, లేదా బేసిక్ ఛార్జీ, ఇంధన ఛార్జీల మొత్తం, ఏది తక్కువైతే అది. మీ టికెట్‌లో ఆ రెండూ కలిపి 4,300 ఉంటే మనిషికి అంతే. బుకింగ్‌లో మీ ఫోన్ నంబరు లేకపోతే ఇదీ రాదు, ఏజెంటు తన నంబరు పెట్టాడేమో చూసుకోండి.

మా చేతిలో లేని కారణమని కంపెనీ అంటుంది. పొగమంచు, తుపాను, ఏటీసీ (విమానాల రాకపోకలను నియంత్రించే విభాగం) ఆదేశాలకైతే ఆ వాదన నిలుస్తుంది. విమానాన్ని బాగా ఉంచుకోవడం మాత్రం కంపెనీ పనే. మామూలు సాంకేతిక లోపం అసాధారణ పరిస్థితి కాదని యూరప్ న్యాయస్థానం 2008లో తేల్చింది, పక్షి తగిలితే వేరని 2017లో చెప్పింది. మన వినియోగదారుల కమిషన్లు వాటికి కట్టుబడి ఉండనక్కర్లేదు గానీ వాదనకు పనికొస్తాయి. అందుకే లోపమేమిటో కంపెనీని రాతపూర్వకంగా అడగండి.

లోపల కూర్చోబెట్టిన సంగతికి 2011 నాటి సుప్రీంకోర్టు తీర్పు చూడండి. పొగమంచుతో ఢిల్లీలో చిక్కుకున్న హైదరాబాద్ ప్రయాణికుడికి హైదరాబాద్‌లోని శాశ్వత లోక్ అదాలత్ ఇప్పించిన 10,000 పరిహారాన్ని కోర్టు కొట్టేసింది. అయితే అదే తీర్పులో, టికెట్ చవకైనంత మాత్రాన విమానంలో ఇరుక్కున్నవాళ్లకు కనీస సదుపాయాలు ఎగ్గొట్టడానికి లేదంది. టికెట్ మీద 'ఢిల్లీ కోర్టులే' అన్న షరతు ఆ అదాలత్‌కు అడ్డు కాదనీ చెప్పింది. ఏసీ లేని రెండున్నర గంటలు, గ్లాసు నీళ్లు: మీ ఫిర్యాదులో మొదటి పేరా ఇదే కావాలి.

ఇంటర్వ్యూ గురించి ఆశపెట్టను. ఆ ఉద్యోగం మీకే వచ్చేదని ఎవరూ చెప్పలేరు. కాంట్రాక్టు చట్టం 73వ సెక్షను కూడా దూరపు నష్టాలను లెక్కలోకి తీసుకోదు. ఇంటర్వ్యూ లెటర్ మాత్రం జతచేయండి. మర్నాటి దాకా ఎందుకు ఆగలేకపోయారో అది చెబుతుంది, టికెట్ల తేడా 17,200 అడగడానికి ఆధారమవుతుంది. మానసిక వేదనకు, ఖర్చులకు విడిగా అడగండి.

అమ్మగారి మోకాలిది వేరే దారి. 1972 విమాన రవాణా చట్టం కింద, విమానంలో జరిగిన ప్రమాదంలో శరీరానికి దెబ్బ తగిలితే కంపెనీ తప్పు రుజువు చేయనక్కర్లేదు. గట్టిగా బ్రేకు పడటం 'ప్రమాదం' కాదని వాళ్లు వాదించవచ్చు. ఆ వారంలో తీసిన ఎక్స్‌రే, డాక్టరు చీటీ ఉంటేనే మన మాట నిలబడుతుంది.

ముందు విమాన ప్రయాణికుల కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే ఎయిర్‌సేవా పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి, లేదా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. తేలకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరుండే కరీంనగర్ జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయొచ్చు, ఢిల్లీ వెళ్లనక్కర్లేదు. గడువు రెండేళ్లు. బోర్డింగ్ పాస్‌లు, రద్దు మెసేజ్, కొత్త టికెట్ల బిల్లు తీసిపెట్టండి. పక్క సీటులో కూర్చున్నవాళ్ల నంబరు ఏదైనా మీ దగ్గరుంటే ఒకసారి ఫోన్ చేయండి, ఏసీ ఆగిన వీడియో ఎవరో ఒకరు తీసే ఉంటారు.