ఎకో నార్మల్ అంటున్నారు, మరి ఈ వీటీ ఏమిటి?

ప్రశ్న: మా తమ్ముడికి 26 ఏళ్లు. వాలీబాల్ ఆడుతుంటే దడ మొదలై ఎంతకీ ఆగలేదు. ఆస్పత్రికి వెళ్లేసరికి నాడి 190. అడినోసిన్ ఇచ్చినా తగ్గలేదు, వెరపమిల్ ఇంజెక్షన్‌తో ఆగింది. వీటీ అని రాశారు. ఎకో నార్మల్. ఛాతీలో ఐసీడీ (లయ ప్రమాదకరంగా తప్పితే షాక్ ఇచ్చి సరిచేసే పరికరం) పెట్టించాల్సి రావచ్చన్నారు. ఇంట్లో అందరికీ టెన్షన్, పెళ్లి మాటలు కూడా ఆపేశాం. ఏం చేయమంటారు?
- ఒక సోదరి, మంచిర్యాల

జవాబు: అమ్మా, వీటీ అంటే వెంట్రిక్యులర్ టాకీకార్డియా, అంటే గుండె కింది గదుల్లో (జఠరికల్లో) పుట్టే అతివేగపు దడ. ముందు దడ ఉన్నప్పుడు తీసిన ఈసీజీ సంపాదించండి. తగ్గాక తీసింది కాదు. నా దగ్గరికి చాలామంది డిశ్చార్జ్ సమ్మరీ ఒక్కటే పట్టుకొస్తారు. నాకు అంతకంటే ఆ 12 లీడ్ల ఈసీజీ కాగితం ముఖ్యం. అందులోని గీతల తీరును బట్టి వీటీ గుండెలో ఏ మూల పుడుతోందో చాలావరకు చెప్పొచ్చు. ఆ కాగితం మీద అచ్చు కొన్నాళ్లకు వెలిసిపోతుంది, ఫోన్‌లో ఫోటో తీసి ఉంచండి.

మీరు రాసినదాన్ని బట్టి నా అనుమానం ఫాసిక్యులర్ వీటీ. ఎడమ జఠరికలో కరెంటు మోసే సన్నని పోగుల దగ్గర ఆ కరెంటు గిరగిరా తిరగడమే దీనికి కారణం. కండరానికి జబ్బేమీ ఉండదు. కుర్రవాళ్లలో, అందులోనూ మగపిల్లల్లో ఎక్కువ. వెరపమిల్‌కు లొంగడం దీని లక్షణం. కానీ గుండెపోటు వచ్చినవాళ్ల వీటీకి ఇదే మందు ఇస్తే బీపీ పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. అందుకే ఈసీజీ చూడకుండా ఎవరూ ఇవ్వకూడదు.

ఎకో నార్మల్ అన్నంత మాత్రాన గుండె పూర్తిగా బాగున్నట్టు కాదు. చిన్న మచ్చలు, సార్కాయిడోసిస్ (అవయవాల్లో వాపుతో చిన్న గడ్డలు కట్టే జబ్బు), కుడి జఠరిక కండర జబ్బు తొలిదశలో ఎకోకి అందకపోవచ్చు. గుండె ఎమ్మారై చేయించండి. దడ లేనప్పటి ఈసీజీలో క్యూటీ, బ్రుగాడా మార్పులు (ప్రమాదకరంగా లయ తప్పించే గుండె కరెంటు లోపాల గుర్తులు) ఉన్నాయేమో చూడమనండి. మీ వంశంలో చిన్న వయసులో హఠాత్తుగా పోయినవాళ్లు ఉన్నా, తమ్ముడు ఎప్పుడైనా స్పృహ తప్పినా డాక్టరుకు దాచకుండా చెప్పండి. 

ఇవన్నీ బాగుండి, నా అనుమానమే నిజమైతే ఐసీడీ అవసరం దాదాపు రాదు. వెరపమిల్ మాత్రలు వాడొచ్చు. 26 ఏళ్ల కుర్రాడికి ఏళ్ల తరబడి మాత్రల కంటే అబ్లేషనే మేలని నా అభిప్రాయం. తొడ దగ్గర రక్తనాళంలోంచి తీగ పంపి ఆ చోటును కాలుస్తారు. చాలామందికి మళ్లీ రాదు. రక్తస్రావం, అరుదుగా గుండె చుట్టూ రక్తం చేరడం వంటి ప్రమాదాలున్నాయి, వాటి గురించి ఈపీ డాక్టరును (గుండె కరెంటు, లయ జబ్బుల నిపుణుణ్ణి) అడగండి.

అంతవరకు ఆటలు వద్దు. దడ మొదలైతే బండి నడపనివ్వకండి, 108కి ఫోన్ చేయండి. పరీక్షలు బాగుంటే పెళ్లి మాటలు నిశ్చింతగా మొదలుపెట్టుకోండి.