నీళ్లు ఎక్కడికి పోతున్నాయి?

ప్రశ్న: సార్, నమస్కారం. మాది తెనాలి దగ్గర పల్లెటూరు. ప్రస్తుతం టెక్సాస్‌లో, ఇర్వింగ్‌లో ఉంటున్నాను. ఏడు నెలల క్రితం 2012 మోడల్ టయోటా ప్రియస్ సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. అప్పటికే 1,48,000 మైళ్లు తిరిగిన బండి. మూడు వారాలకోసారి కూలెంట్ ట్యాంకు ఫుల్ గీత నుంచి లో గీతకి దిగిపోతోంది. బండి కింద ఒక్క చుక్క కనబడదు. ఒక షెడ్డులో వాటర్ పంపు మార్చి 700 డాలర్లు తీసుకున్నారు. అయినా దిగుతూనే ఉంది. పోయిన నెల మిట్టమధ్యాహ్నం హైవే మీద ఎర్ర లైటు వెలిగింది. ఎగ్జిట్ వచ్చేదాకా రెండు మైళ్లు నడిపి ఆపేశాను. ఇప్పుడు ఒకరు ఇంజినే మార్చాలి, 4,500 డాలర్లు అవుతుందంటున్నారు. ఇంకొకరు లీకులు మూసే మందు ఒక సీసా పోస్తే చాలంటున్నారు. ఇంకో సంగతి, పొద్దున్నే మొదటిసారి ఇంజిన్ అందుకున్నప్పుడు పది సెకన్లు బండంతా వణుకుతుంది, తర్వాత మామూలే. దీనికీ దానికీ సంబంధం ఉందా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: బాబూ, మీ ఉత్తరంలో అన్నిటికన్నా ముఖ్యమైన మాట మీరు చివర్లో రాశారు. పొద్దున్నే ఆ పది సెకన్ల వణుకు. సంబంధం ఉంది, చాలా దగ్గరి సంబంధమే ఉంది. ఈ జవాబు మీకు చేరేలోపు మీరు ఆ బండిలో ఆఫీసుకి తిరుగుతూ ఉంటే, దయచేసి ఈ రోజు నుంచి ఆపేయండి. ఎందుకో చెబుతాను.

నేను 19 ఏళ్లు విజయవాడ ఆటోనగర్‌లో పనిచేసి, తర్వాత మీకు దగ్గర్లోనే, డల్లాస్ పక్కన మీ ప్రియస్‌లాంటి హైబ్రిడ్ బండ్లు, అంటే పెట్రోలు ఇంజిన్‌తో పాటు కరెంటు మోటారు కూడా ఉన్నవి, బాగుచేస్తున్నవాణ్ణి. ఆటోనగర్‌లో మా మేస్త్రి ఒక మాట అడిగేవాడు. "నీళ్లు తగ్గాయి సరే, ఎక్కడికి పోయాయి?" నీళ్లంటే కూలెంటే, ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం. ఆ ప్రశ్నకు జవాబు దొరికేదాకా పానా పట్టుకోనిచ్చేవాడు కాదు. మీ బండికి పంపు మార్చినవాళ్లు ఈ ప్రశ్న అడిగినట్టు లేదు.

మీ ప్రియస్‌లో వాటర్ పంపు కరెంటుతో తిరుగుతుంది. 2010 మోడల్‌తో మొదలైన ఈ మూడో తరం ప్రియస్ ఇంజిన్‌కి బెల్టులే లేవు. ఆ పంపు పాడైతే సాధారణంగా బండి కంప్యూటర్‌లో పి261బి అనే లోపం కోడ్ పడుతుంది, ట్యాంకు నిండా కూలెంట్ ఉన్నా తిరగక ఇంజిన్ హీటెక్కుతుంది. మీ బండిలో మాత్రం కూలెంటే మాయమవుతోంది. పంపు కారితే దాని చుట్టూ గులాబీ రంగు పొక్కు కట్టి ఉండాలి. పంపు మార్చినప్పుడు ఏ కోడ్ వచ్చిందో, పాత పంపు మీద తడి కనిపించిందో లేదో ఆ షెడ్డువాళ్లను మర్యాదగా అడగండి. రెండూ లేవంటే ఆ 700 ఊహ మీద పెట్టిన ఖర్చు.

ఇక నీళ్లు పోయే దారులు. బయటికి పోతే ఎక్కడో ఒకచోట ఆనవాలు ఉంటుంది. రేడియేటర్‌కి ప్లాస్టిక్, అల్యూమినియం కలిసే అంచు, హీటర్ పైపులు, బండి కింద సైలెన్సర్ దగ్గర వేడిని తిరిగి వాడుకునే గొట్టం, ఇవన్నీ టార్చి వేసి చూడాలి. ముందు సీట్లలో కాళ్లు పెట్టే చోట కార్పెట్ తడిగా, తియ్యటి వాసనతో ఉందా, అద్దానికి లోపల జిడ్డు పొగలా పడుతోందా అనేది కూడా చూడండి. అలా ఉంటే హీటర్ కోర్, అంటే బండి లోపలికి వెచ్చటి గాలి ఇచ్చే చిన్న రేడియేటర్, కారుతున్నట్టు. ఇవేవీ లేకపోతే మిగిలింది ఒకటే దారి. కూలెంట్ ఇంజిన్ లోపలికి, సిలిండర్‌లోకి దిగి కాలిపోతోంది.

ఆ పది సెకన్ల వణుకు అక్కడినుంచే వస్తుందని నా గట్టి అనుమానం. సాయంత్రం మీరు బండి ఆపినప్పుడు కూలెంట్ వేడిగా, ఒత్తిడితో ఉంటుంది. ఇంజిన్ బ్లాకుకీ పైన ఉండే హెడ్‌కీ మధ్య సందు మూసే పలుచని పలక హెడ్ గ్యాస్కెట్. అందులో వెంట్రుకవాసి సందు ఉన్నా చాలు, ఆ ఒత్తిడి రాత్రంతా కూలెంట్‌ని కొద్దికొద్దిగా సిలిండర్‌లోకి తోస్తుంది. తెల్లారి ఇంజిన్ అందుకోగానే ఆ సిలిండర్ తడిసి మిస్సింగ్ కొడుతుంది, అంటే అందులో పెట్రోలు సరిగా మండదు. మిగిలిన మూడు లాగుతుంటాయి, బండి వణుకుతుంది. పది సెకన్లలో ఆ తడి ఆవిరై సైలెన్సర్ గుండా తెల్లగా పోతుంది. తర్వాత అంతా మామూలే. అందుకే మధ్యాహ్నం షెడ్డుకి తీసుకెళితే ఎవరికీ ఏమీ కనబడదు. బండిని ముందు రోజు సాయంత్రమే షెడ్డులో వదిలి, పొద్దున్నే చల్లని ఇంజిన్ వాళ్ల ముందే అందుకునేలా చేయమనండి. పి0301 నుంచి పి0304 దాకా ఏ కోడ్ పడిందో రాసుకోమనండి. చివరి అంకె సిలిండర్ నంబరు.

నడపొద్దని గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. కొన్నేళ్ల క్రితం మన తెలుగు కుర్రాడే, ఎం.ఎస్. చదువుతున్నవాడు, ఇదే బండి ఇదే వణుకుతో తెచ్చాడు. పరీక్షలు అయ్యేదాకా రెండు వారాలు నడిపించాలన్నాడు. నేను కూలెంట్ నింపి, రోజూ చూసుకోమని పంపాను. పన్నెండో రోజు పొద్దున ఫోన్ చేశాడు. ఠంగుమని శబ్దం వచ్చి ఇంజిన్ ఆగిపోయిందన్నాడు. రాత్రి సిలిండర్‌లో నిలిచిన కూలెంట్ ఎక్కువైంది. హైబ్రిడ్‌లో ఇంజిన్‌ని తిప్పేది మామూలు చిన్న స్టార్టర్ కాదు, పెద్ద మోటారు. అది ఒక్కసారిగా బలంగా తిప్పుతుంది. నీళ్లు నొక్కుకుపోవు కదా, పిస్టన్ కింద కనెక్టింగ్ రాడ్ వంగిపోయింది. గ్యాస్కెట్‌తో పోయేది ఇంజిన్ దాకా వెళ్లింది. నింపి పంపించడం నా తప్పు. అప్పటినుంచి వణుకు ఉందని చెప్పిన ఏ బండినీ నేను నడిపి తీసుకెళ్లనివ్వడం లేదు. మీరూ టో చేయించండి. ఫ్లాట్‌బెడ్ ట్రక్కు అడగండి. ఈ బండిని ముందు చక్రాలు నేల మీద దొర్లేలా లాగకూడదు. మీ ఇన్సూరెన్స్‌లో రోడ్డు సాయం ఉందేమో ముందు చూసుకోండి.

షెడ్డులో అడగాల్సిన పరీక్షలు రెండు. మొదటిది, కూలెంట్ ట్యాంకు మూతి దగ్గర గాలి పీల్చి నీలం మందులోకి పంపించే పరీక్ష. ఇంజిన్‌లో కాలిన పొగ కూలెంట్‌లో కలుస్తుంటే ఆ నీలం పసుపుగా మారుతుంది. ఇక్కడ ఒక మెలిక ఉంది. హైబ్రిడ్‌లో ఇంజిన్ దానంతట అది ఆగిపోతుంది. పరీక్ష నడుస్తుండగా ఆగితే లాభం లేదు. ఆగకుండా నడిచే మెయింటెనెన్స్ మోడ్‌లో పెట్టాలి, హైబ్రిడ్ తెలిసినవాళ్లకు ఆ పద్ధతి తెలుసు. తెలియని షెడ్డైతే ఇక్కడే బయటపడుతుంది. ఇంకో మాట, సందు మరీ చిన్నదైతే మందు నీలంగానే ఉండొచ్చు. అంతమాత్రాన గ్యాస్కెట్ బాగుందని తేల్చేయకూడదు.

అందుకే నేను రెండో పరీక్షనే ఎక్కువ నమ్ముతాను. బండి పూర్తిగా చల్లారాక ట్యాంకు మూత తీసి చేతిపంపు బిగించి, మూత మీద రాసి ఉన్న ఒత్తిడి వరకే గాలి కొట్టి, రాత్రంతా అలాగే వదలాలి. తెల్లారి ముల్లు పడిపోయి ఉండి, బయట ఎక్కడా తడి లేకపోతే ప్లగ్గులు నాలుగూ విప్పి సన్నని కెమెరా లోపలికి దించాలి. మొదటిసారి అలా చూసినప్పటి దృశ్యం నాకు ఇప్పటికీ గుర్తే. మూడు పిస్టన్లు మసిపట్టిన రొట్టెల పెనంలా నల్లగా ఉన్నాయి. ఒక్కటి మాత్రం చింతపండుతో తోమిన ఇత్తడి చెంబులా మెరుస్తోంది, అంచున గులాబీ రంగు బొట్టు ఒకటి నిలబడి ఉంది. రోజూ ఆవిరి కడిగితే అలా అవుతుంది. ఆ ఫోటో మీకు ఇవ్వమని అడగండి. ఆ ఫోటో లేకుండా హెడ్ విప్పడానికి డబ్బు కట్టకండి.

ఇప్పుడు గ్యాస్కెట్టే అని తేలిందనుకుందాం. చాలామంది కొత్తది వేసి పంపించేస్తారు, ఏడాది రెండేళ్లకు మళ్లీ పోతుంది. అసలు జబ్బు ఈజీఆర్ అనే ఏర్పాటులో ఉంటుంది. కాలిన పొగలో కొంత భాగాన్ని చల్లబరిచి మళ్లీ ఇంజిన్‌లోకి పంపే దారి అది. ఆ పొగ మసి కూలర్ సన్నని గదుల్లో పేరుకుపోతుంది. సిలిండర్లకు గాలి పంచే ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లో ఒక్కో సిలిండర్‌కి ఉన్న చిన్న రంధ్రాలు కూడా మూసుకుపోతాయి. నేను విప్పిన కూలర్లలో కొన్నిటికి ఒకవైపు టార్చి వేస్తే రెండోవైపు వెలుగే రాలేదు. చల్లటి పొగ అందని సిలిండర్లలో మంట వేడి పెరుగుతుంది, ఆ వేడికి గ్యాస్కెట్ నలుగుతుంది. కాబట్టి హెడ్ విప్పినప్పుడే కూలర్, వాల్వు, పైపు, మానిఫోల్డ్ నాలుగూ శుభ్రం చేయాలని బిల్లులో రాయించుకోండి. నా లెక్క ప్రకారం ప్రతి 50,000 మైళ్లకు ఈ పని చేయించాలి.

ఇంజిన్ మార్చమన్నవాళ్ల మాట పూర్తిగా తీసిపారేయను. ఎర్ర లైటుతో రెండు మైళ్లు నడిపారు కదా, హెడ్ వంకర పోయి ఉండొచ్చు. హెడ్ విప్పి మెషిన్ షాపులో స్కేలు పెట్టి చూడమనండి. కొద్దిపాటి వంకరైతే ఫేసింగ్ కొట్టి, అంటే పైపైన అరగదీసి చదునుచేసి, సరిచేస్తారు. పగులు ఉన్నా, రాడ్ వంగినా ఇంజిన్ మార్చడమే మేలు. అయితే వాళ్లు వేసేది కూడా ఇంచుమించు ఇదే వయసున్న పాత ఇంజిన్. దాని ఈజీఆర్ కూడా మసితోనే వస్తుంది. దాన్ని శుభ్రం చేయకుండా బిగిస్తే మీరు 4,500 పెట్టి ఇదే కథ మళ్లీ మొదలుపెట్టినట్టు.

లీకులు మూసే మందు మాత్రం పోయకండి. అది సందునే వెతుక్కుంటూ వెళ్లదు, సన్నగా ఉన్న ప్రతి దారినీ మూస్తుంది. హీటర్ కోర్, మీరు కొత్తగా వేయించిన పంపు, రెండూ దానికి బలవుతాయి.

ఈ బండికి టెంపరేచర్ ముల్లు లేదు, ఎర్ర లైటు వెలిగేసరికే ఆలస్యమైపోతుంది. బాగు చేయించాక పాతిక డాలర్లలోపు దొరికే బ్లూటూత్ స్కానర్ ఒకటి కొని ఫోన్లో కూలెంట్ వేడి గమనించుకుంటూ నడపండి. మామూలుగా 85 నుంచి 95 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటుంది. 100 దాటి ఎక్కుతూ పోతుంటే ఏసీ ఆపి, పక్కకు తీసి, పవర్ ఆఫ్ చేయండి. వేడి మీద మూత తీయకండి. బండి ఆన్‌లో ఉందని చెప్పే రెడీ లైటు వెలుగుతుండగా బానెట్‌లో చెయ్యి పెట్టకండి, ఇంజిన్ చెప్పకుండా అందుకుంటుంది.

ప్రశ్న: హైదరాబాద్ కొండాపూర్‌లో 2015 క్యామ్రీ హైబ్రిడ్ బేరం చేస్తున్నాను. బానెట్ కింద రెండు కూలెంట్ ట్యాంకులు ఉన్నాయి. ఒకదానిలో గులాబీ రంగు, ఇంకోదానిలో ఆకుపచ్చ రంగు. ఇది మామూలేనా?

జవాబు: రెండు ట్యాంకులు ఉండటం మామూలే. ఒకటి ఇంజిన్‌ది, రెండోది కరెంటు మార్చే ఇన్వర్టర్‌ది. రెండిటి నీళ్లు కలవవు. రెండు రంగులు ఉండటం మాత్రం మామూలు కాదండీ. కంపెనీ రెండింట్లోనూ పోసేది గులాబీ రంగుదే, నీళ్లు కలపాల్సిన అవసరం లేకుండా కలిపే వస్తుంది. ఇంజిన్ ట్యాంకులో ఆకుపచ్చ రంగు ఉందంటే ఎవరో బయట దొరికింది పోశారు. ఎందుకు పోయాల్సి వచ్చిందన్నదే మీరు తెలుసుకోవాల్సింది. సర్వీసు బిల్లులు చూపించమనండి. తేలికగా తీసుకుని వదిలేయకండి, పై ఉత్తరం ఒకసారి మళ్లీ చదవండి. ఈ బండికీ ఈజీఆర్ కూలర్ ఉంది.

చూడటానికి పొద్దున ఆరింటికి వెళ్లండి, ముందుగా స్టార్ట్ చేసి ఉంచవద్దని చెప్పి మరీ వెళ్లండి. వెళ్లగానే అరచెయ్యి బానెట్ మీద పెట్టండి. చల్లగా ఉంటే మీరే స్టార్ట్ చేసి, ఇంజిన్ అందుకున్న మొదటి అరనిమిషం వణుకు ఉందేమో, సైలెన్సర్ దగ్గర తియ్యటి వాసన వస్తోందేమో గమనించండి. వెచ్చగా ఉంటే ఆ రోజు బేరం మాట్లాడకండి, ఇంకో రోజు వస్తానని చెప్పి వచ్చేయండి.