టెక్ సందేహాలు: తిరగేసి చెక్కిన ఎర రెండు పక్కలా ఎందుకు కలవదు?

సందేహం: నేను అమెరికాలోని మినెసోటాలో ఉంటున్నాను. బాస్ చేపల కోసం చిన్న చేపలా కనిపించే 80 మిల్లీమీటర్ల బాల్సా (చాలా తేలికైన చెక్క) ఎరలను, కంప్యూటర్ ఆదేశాలతో బిట్‌ను మూడు దిశల్లో కదిపి చెక్కే మూడు అక్షాల చిన్న సీఎన్‌సీ రూటర్‌ మీద చెక్కుతున్నాను. ఒక పక్క పూర్తయ్యాక చెక్కను తిరగేసి రెండో పక్క చెక్కితే, వీపు మీదా పొట్ట కిందా మెట్టులాంటి అంచు మిగులుతోంది. శాండ్‌పేపర్‌తో సరిచేస్తే ఏ రెండూ ఒకేలా ఉండటం లేదు, కొన్ని నీటిలో పక్కకు ఒరిగి ఈదుతున్నాయి. చెక్కను తిప్పే నాలుగో అక్షం కొనమంటారా?

సమాధానం: కొనవద్దు. చెక్కను తిరగేసే గీతకూ మీ డిజైన్ మధ్యగీతకూ 0.2 మిల్లీమీటర్ల తేడా ఉంటే, మొదటి పక్క ఆ మేరకు ఒకవైపుకూ, తిరగేశాక రెండో పక్క అంతే మేరకు ఎదురువైపుకూ జరుగుతాయి కనుక, మీకు కనిపించే మెట్టు 0.4 మిల్లీమీటర్లు అవుతుంది. నాలుగో అక్షంతో ఈ మెట్టు పోవచ్చు గానీ, గాలపు ముళ్లను పట్టి ఉంచే తీగను లోపల అమర్చడానికి ఆ ఎరను మళ్లీ నిలువునా చీల్చవలసిందే. అందుకే ఎరను మొదటినుంచీ రెండు సగాలుగా చెక్కడమే మేలని నా అభిప్రాయం.

కుడి సగాన్నీ, దాని అద్దపు ప్రతిబింబమైన ఎడమ సగాన్నీ ఒకే పలక మీద పక్కపక్కన పరచి, చదునైన ముఖం కిందికి ఉండేలా ఒకే అమరికలో చెక్కండి. పలకను కదపకుండానే ప్రతి సగంలోనూ 2 మిల్లీమీటర్ల రంధ్రాలు రెండేసి ఇటునుంచి అటుదాకా వేయించండి. వాటిలో సన్నని కొయ్య మేకులు దూర్చి సగాలను అతికిస్తే అంచులు వాటంతట అవే కలుస్తాయి, బయటికి వచ్చిన మేకు కొసలను తరువాత కోసివేయవచ్చు. తీగకూ సీసపు బరువుకూ కావలసిన గాడిని అతికించే ముందు చదును ముఖం మీద చేత్తో తీసినా ఫరవాలేదు, ఎందుకంటే అక్కడి చిన్న తేడా బయటి రూపాన్ని మార్చదు.

చివరి కోతకు 3 మిల్లీమీటర్ల బాల్ నోస్ బిట్ (గుండ్రని కొస ఉన్న బిట్) వాడి, వరుసకూ వరుసకూ మధ్య దూరం 0.3 మిల్లీమీటర్లు పెడితే మిగిలే గీతల ఎత్తు సుమారు 0.0075 మిల్లీమీటర్లు, దూరాన్ని 0.6కి పెంచితే ఎత్తు నాలుగు రెట్లై 0.03కి చేరుతుంది, సమయం మాత్రం దాదాపు సగానికి తగ్గుతుంది. ఆ 0.03ను శాండ్‌పేపర్ సులభంగా తీసేస్తుంది కాబట్టి నేనైతే 0.6నే ఎంచుకుంటాను. బాల్సాలో అసలు ఇబ్బంది నూగులా లేచే పీచు. మొదటి కోతలో అర మిల్లీమీటరు మిగిల్చి, పలుచగా శాండింగ్ సీలర్ (చెక్క పీచును గట్టిపరిచే పూత) పూసి, పూర్తిగా ఆరనిచ్చి, పదునైన బిట్‌తో చివరి కోత వేయండి. ఆ దుమ్ము చాలా సన్ననిది, మాస్కు తప్పనిసరి.

ఇక ఒరిగి ఈదడం గురించి. యంత్రం ఒకే ఆకారాన్ని ఇస్తుంది గానీ ఒకే బరువును ఇవ్వలేదు. 10 ఘన సెంటీమీటర్ల ఎర తేలిక బాల్సాతో 1.2 గ్రాములు తూగితే, కాస్త బరువైన బాల్సాతో 1.8 గ్రాములు తూగుతుంది. ప్రతి సగాన్నీ చిన్న త్రాసు మీద తూచి, సమాన బరువున్న వాటినే జతచేయండి. ముందుభాగాన అమర్చే పాలీకార్బొనేట్ (గట్టి ప్లాస్టిక్) రెక్క కోసం గాడిని కంటి అంచనాతో కోయకండి. అది కొంచెం వంకరైనా ఎర ఒకవైపుకు లాగుతుంది. అదే డిజైన్ నుంచి ఎర ఒడలు సరిగ్గా ఒదిగే గుంటను ఒక గట్టి చెక్కలో యంత్రంతోనే చెక్కించి, రంపాన్ని నిలిపే గాడిని కూడా అందులోనే పెట్టుకుంటే ప్రతి ఎరకూ ఒకే కోణం వస్తుంది.

ఫిన్లాండ్‌కు చెందిన లౌరీ రపాలా 1936లో తన తొలి ఎరను బెండులోంచి కత్తితో చెక్కి, చాక్లెట్ రేకు చుట్టి, కరిగించిన ఫొటో నెగెటివ్‌లను పైపూతగా వేశారు. ఆయన పేరిట వెలసిన సంస్థ ఎరలను నీటి తొట్టిలో ఈదించి చూసి, చేత్తో సరిదిద్దే పద్ధతికి ప్రసిద్ధి. మీరూ రంగు వేయకముందే, సీలర్ పూసిన ఎరను ముళ్లతో సహా తొట్టిలో లాగి చూడండి. ఒరుగుతున్న దాని పొట్టలోని సీసాన్ని అప్పుడైతే ఇంకా సరిచేయవచ్చు.