కొండ మీది సేవకు డబ్బు పంపేవారికి కృతజ్ఞత ఎలా చెప్పాలి?

అందరికీ వందనాలు. "మా సంఘం కొండ గ్రామాల్లో సువార్త సేవ చేస్తోంది. నెలనెలా డబ్బు పంపే దాతలకు వాట్సాప్‌లో థాంక్స్ చెప్తే సరిపోతుందా, ఇంకేమైనా చేయాలా?" అని ఒకరు అడిగారు. మాది శ్రీకాకుళం జిల్లా పలాస. మందస కొండల్లో సవర గిరిజనుల గూడేలకు వెళ్లే ఒక చిన్న సేవా బృందానికి లెక్కలు రాసేదీ, దాతలకు ఉత్తరాలు రాసేదీ నేనే. కాబట్టి నేను చూసింది చెప్తాను.

"దేవుడు మిమ్మల్ని దీవించును గాక" అని తప్పకుండా రాయండి. కానీ అదొక్కటే అందరికీ ఫార్వర్డ్ చేస్తే ఎవరి మనసుకీ పట్టదు. పంపిన డబ్బు ఎక్కడికి చేరింది, అక్కడ ఏం జరిగింది అన్నది ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. నా దృష్టిలో కృతజ్ఞత అంటే అదే. బైబిల్లో పౌలు జైల్లో ఉండి ఫిలిప్పీ సంఘానికి రాసిన ఉత్తరంలో నాలుగో అధ్యాయం చూడండి. వాళ్ల సాయం, వాళ్లు పంపిన ఎపఫ్రొదితు చేత అందిందని చెప్పాడు. తాను మాసిదోనియ నుంచి బయల్దేరినప్పుడు ఇంకే సంఘమూ ఆదుకోలేదనీ, థెస్సలొనీకలో ఉన్నప్పుడు కూడా వాళ్లే పంపారనీ గుర్తు చేసుకున్నాడు. ఎవరి చేత, ఎక్కడ, ఎప్పుడు... ఏదీ మర్చిపోలేదు.

మాకు పంపేవాళ్లలో ధనవంతులు లేరు. విశాఖలో ఉండే ఒక రిటైర్డ్ టీచరమ్మగారు పెన్షన్ పడగానే పంపుతారు. దుబాయ్‌లో వెల్డింగ్ పని చేసే సోంపేట కుర్రాడు ఒకడు ఉన్నాడు. ఇక్కడి జీడిపప్పు ఫ్యాక్టరీల్లో పనిచేసే అక్కలు కొందరు కూలి డబ్బులోంచి కొంత తీసి, కవర్లో పెట్టి కానుకల సంచిలో వేస్తారు. కవరు మీద పేరుండదు, "కొండ సేవకు" అని మాత్రం ఉంటుంది. జీడిపిక్కల జిడ్డుకు వేళ్లు నల్లబడే పని వాళ్లది. ఆ కవరు విప్పిన ప్రతిసారీ నా గుండె నిండిపోతుంది. పేరు రాయనివాళ్లకు ఉత్తరం ఎక్కడికి పంపుతాం? అందుకే ఆదివారం ఆరాధనలో ప్రకటనలప్పుడు ఆ ఉత్తరాన్ని అందరి ముందూ చదువుతాం.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను మా పలాస దగ్గరే తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి చెట్లు వేళ్లతో సహా లేచిపోయాయి. గూడేల్లో ఇళ్ల కప్పులు ఎగిరిపోయాయి. దాతలు పంపిన డబ్బుతో రేకులు, టార్పాలిన్లు కొన్నాం. దారి ఉన్నంత వరకు ఆటోలో వెళ్లాయి, ఆపైన గూడెం కుర్రాళ్లే భుజాన మోసుకెళ్లారు. ఏ ఇల్లు ఎక్కువ పాడైందో గూడెం పెద్దలే చెప్పారు, ఆ ఇళ్లకే ముందు వేశాం. ప్రార్థనకు వచ్చేవాళ్లా కాదా అని చూడలేదు. ఇదంతా రాసి, కొన్న రేకుల బిల్లు కూడా జత చేశాను. టీచరమ్మగారు వెంటనే ఫోన్ చేసి, "జీడి పోయింది కదా బాబూ, ఈ ఏడు పిల్లలు బడి మానేయరు కదా?" అని అడిగారు. ఆ ప్రశ్నతో ఆవిడ మా పనిలో మనిషైపోయారు. పిల్లల హాస్టల్ ఖర్చుల గురించి మేము ఆలోచించడం అప్పుడే మొదలైంది.

ఫొటోల విషయంలో మాత్రం గట్టిగా చెప్తున్నాను. చినిగిన బట్టల్లో ఉన్న పిల్లల్ని వరసగా నిలబెట్టి తీసిన ఫొటోలు పంపొద్దు. బయటి నుంచి వచ్చి ఫొటోలు తీసుకునేవాళ్ల గురించి ఒక సవర పెద్దాయన, "ఇల్లు పడిపోతే బొమ్మ తీస్తారు, కట్టుకున్నాక తీయరేటి?" అన్నారు. మేము అడిగి తీస్తాం, తీసింది వాళ్లకు చూపించాకే పంపుతాం. అలాగే బాప్తిస్మాల సంఖ్యనూ, ఖర్చు లెక్కనూ పక్కపక్కన వేయను. ఆత్మల పని దేవునిది, దానికి రేటు కట్టినట్టు కనిపించకూడదు.

ఇలా దూరం నుంచి నిలబెట్టినవాళ్లు మన ప్రాంతానికి కొత్త కాదు. 1870లో కెనడాలోని నోవా స్కోషియాలో హన్నా మరియా నోరిస్ ఊరూరా తిరిగి, మిషనరీ సేవకు చందాలు పోగుచేసే స్త్రీల సహాయ సంఘాలు పెట్టించారు. కొన్నేళ్లకే అక్కడి బాప్టిస్టులు శ్రీకాకుళం, బొబ్బిలి వైపు పని మొదలుపెట్టారు. ఆ చందాలు కట్టిన తల్లులు ఈ ఊళ్లు కంటితో చూడలేదు.

రసీదు కూడా కృతజ్ఞతలో భాగమే, ఆలస్యం చేయకండి. దుబాయ్ కుర్రాడిలా భారత పౌరుడు సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. మన తెలుగువాడే అయినా వేరే దేశపు పౌరసత్వం తీసుకుంటే మాత్రం విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ లేకుండా ఆ డబ్బు తీసుకోకూడదు. 2020 సవరణ తర్వాత, రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థ కూడా ఆ డబ్బును ఇంకో సంస్థకు బదిలీ చేయడానికి వీల్లేదు. మీ ఆడిటర్‌ని ఒకసారి అడగండి.

ఉత్తరం మూడు నెలలకోసారి చాలు. వానలకు దారి తెగి పాస్టరుగారు పైకి వెళ్లలేకపోతే అదీ రాయండి. ఉద్యోగం పోయో, ఇంట్లో జబ్బు చేసో పంపడం ఆపేసినవాళ్లుంటారు. వాళ్ల పేరు లిస్టులోంచి తీసేయకండి, వాళ్లకూ ఉత్తరం వెళ్లాలి. మళ్లీ పంపమని మాత్రం అందులో అడగొద్దు.