ఉద్యోగం మానేసి రాసుకోవచ్చా?

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. గుంటూరులో మిర్చి కోల్డ్ స్టోరేజీలో అకౌంట్స్ చూస్తాను. చదవడమే తప్ప రాయాలని ఎప్పుడూ అనుకోలేదు. మా అమ్మమ్మ పోయాక ఆవిడ గురించి రాసుకుంటూ పోతే అది కథయింది, ఒక వారపత్రిక వేసింది. అప్పట్నుంచి రాత్రిళ్లు రాస్తూనే ఉన్నాను. ఆఫీసులో కూర్చున్నా ధ్యాసంతా అటే. ఉద్యోగం మానేసి రచయిత్రిగా స్థిరపడాలని ఉంది. ఇంట్లో మాత్రం "రాతలు కూడు పెడతాయా?" అంటున్నారు. ఏం చెయ్యమంటారు?
- ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: ఉద్యోగం ఇప్పుడే మానకండి. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే మీ ఉత్తరం చదువుతుంటే రాజీనామా కాగితం ఈపాటికి టైపు చేసేశారేమోనని టెన్షన్ పట్టుకుంది.

మీ ఇంట్లోవాళ్లు అడిగింది న్యాయమైన ప్రశ్న. కథలు కూడు పెట్టవు. పత్రికలు కథకిచ్చే పారితోషికంతో ఇల్లు గడవదు, కొన్ని పత్రికలు అదీ ఇవ్వలేవు, సంపుటి వేయాలంటే చాలామంది రచయితలు అచ్చు ఖర్చు తామే పెట్టుకుంటున్నారు. అయితే రాయడం వచ్చినవాళ్లకి జీతమిచ్చే పనులు వేరే ఉన్నాయి. దినపత్రికల డెస్కు (వార్తలు రాసి దిద్దే విభాగం), సీరియళ్ల డైలాగులు, యాడ్ ఏజెన్సీలు, ఆడియో కథల యాప్‌లు, యూట్యూబ్ చానళ్ల స్క్రిప్టులు, అనువాదాలు. డెస్కు ఉద్యోగమైతే పెద్ద దినపత్రికలు సొంతంగా జర్నలిజం స్కూళ్లు నడుపుతాయి, ప్రవేశ పరీక్షలో తెలుగు, ఇంగ్లిష్ నుంచి అనువాదం, వర్తమాన వ్యవహారాలు అడుగుతారు, వయోపరిమితి ఉంటుంది కాబట్టి ప్రకటన పడగానే చూసుకోవాలి. ఇందులో చాలా పనులకు హైదరాబాద్ వెళ్లక తప్పదు.

మీరు బ్రాడీపేటలోనే కూర్చుని చేయగలిగింది అనువాదం. మీకు లెక్కలు తెలుసు, జీఎస్టీ తెలుసు, బ్యాంకు కాగితం చదివితే అర్థమవుతుంది. బీమా పాలసీ తెలుగు ప్రతి ఎప్పుడైనా చదివారా? డబ్బు కట్టేది మనమే, అందులో ఏముందో మనకే అర్థం కాదు. విషయం తెలిసి, మామూలు మనిషికి అర్థమయ్యే తెలుగు రాయగలిగేవాళ్లు అవసరం, మీలో ఆ రెండూ ఉన్నాయి. ఈ పని తక్కువదని అనుకోకండి. రోజూ ఒక క్లిష్టమైన వాక్యాన్ని విప్పి తేలిగ్గా చెప్పే అలవాటు మీ కథలకీ పనికొస్తుంది. మూడు నాలుగు నమూనా అనువాదాలు చేసి పెట్టుకుని అనువాద ఏజెన్సీలకు పంపండి. బెజవాడ పుస్తక మహోత్సవం 1989 నుంచి జరుగుతోంది, మామూలుగా జనవరిలో పెడతారు. వెళ్లి, అనువాద పుస్తకాలు వేసే ప్రచురణకర్తల స్టాళ్ల దగ్గర ఆగి మాట్లాడండి.

ఇక కథల సంగతి. మొదటి కథ అచ్చయ్యాక రాసినవి ఎన్ని పంపారో మీరు చెప్పలేదు. అసలు పంపారా? మొదటి కథని మీ చేత రాయించింది అమ్మమ్మ మీద బెంగ. ఇకముందు అంత బలంగా వెనకనుంచి తోసేది ఏదీ ఉండకపోవచ్చు, అప్పుడు కూడా కూర్చుని, ఒకే కథని కొట్టేసి, మళ్లీ రాసి, చివరి పేరా నచ్చక మొదట్నుంచి మొదలుపెట్టే ఓపిక మీకుంటే, అది నిజంగా మీ పనే. దాన్ని ఎవరు వద్దన్నా మానలేరు. యూనికోడ్‌లో టైపు చేయండి, కథ సొంతమనీ ఇంకెక్కడా అచ్చు కాలేదనీ హామీపత్రం జతచేయండి, ఒకే కథని ఒకేసారి రెండు పత్రికలకి పంపకండి. జవాబుకి నెలలు పడుతుంది, ఈలోపు ఇంకొకటి రాయండి. సంక్రాంతి, ఉగాది, దీపావళి పోటీల ప్రకటనలు చూస్తూ ఉండండి. ఆకాశవాణి విజయవాడ కేంద్రాన్ని కూడా మర్చిపోవద్దు.

ఒక్క విషయం మాత్రం నాకు బాధేసింది. ఆఫీసులో ఉన్నంతసేపూ రాతకి దూరమైపోయినట్టు రాశారు. మీరు కూర్చున్న కుర్చీ ఎంతమంది రచయితలకి దొరుకుతుంది? రేటు పెరుగుతుందేమోనని మిర్చి టిక్కీలు, అదే బస్తాలు, మీ ఏసీలో (కోల్డ్ స్టోరేజీలో) పెట్టి, సరుకు దాచినందుకిచ్చే బాండు మీద అప్పు తెచ్చుకుని, వారానికోసారి వచ్చి తేజ రకం మిర్చి రేటు ఎంతుందని అడిగి వెళ్లే రైతు మీ ఎదురుగానే నిలబడతాడు. ముఠా కూలీలు, కమిషన్ ఏజెంట్లు, రంగు పోయిన తాలుకాయలు ఏరే ఆడవాళ్లు, వాళ్ల దగ్గుతో సహా రోజూ మీ కళ్ల ముందే ఉంటారు. వాళ్ల మాట తీరు విని రాసిన కథ నాకు చదవాలని ఉంది. అది మీరే రాయగలరు, అదీ ఆ ఉద్యోగంలో ఉన్నంతకాలమే.

తొందరేం లేదు. కేంద్ర సాహిత్య అకాడమీ యువ పురస్కారం, 50,000 రూపాయలు, 35 ఏళ్ల లోపు రచయితలకే, ఆ లెక్కన చూసినా మీకు బోలెడు టైముంది. రాతపనుల మీద వచ్చే డబ్బు వరసగా ఏడాదిపాటు మీ జీతంలో సగం దాటితే, అప్పుడు మళ్లీ ఉత్తరం రాయండి.

ప్రశ్న: నా నవలని ఆడియోగా చేస్తామని ఒక సంస్థ ఒప్పందం పంపింది. అందులో "అన్ని హక్కులూ శాశ్వతంగా" అని ఉంది. సంతకం పెట్టొచ్చా?
- ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: అలాగే పెట్టొద్దు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా ఉండాలి. కాలం రాయకపోతే అయిదేళ్లనీ, ప్రాంతం రాయకపోతే ఇండియా వరకేననీ అర్థం. కానీ "శాశ్వతంగా" అని రాసి ఉంటే ఆ రక్షణ మీకు దొరకదు. నవల మీద హక్కు మీరున్నంతకాలం, ఆ తర్వాత 60 ఏళ్లు ఉంటుంది. అంత ఆస్తిని ఒక్క ఆడియో కోసం రాసిచ్చేస్తారా? రేపు ఎవరైనా సినిమాకి అడిగితే మీ చేతిలో ఏమీ మిగలదు. తెలుగు ఆడియో హక్కు మాత్రమే, అదీ మూడు నుంచి అయిదేళ్లకి, అని మార్చమనండి. రాయల్టీ ఎంత, లెక్క ఎన్ని నెలలకోసారి చూపిస్తారు అన్నవి కూడా అందులోనే రాయించండి. మార్చమని అడిగితే అవకాశం పోతుందని భయపడకండి, వాళ్లు పంపింది చాలావరకు అందరికీ పంపే నమూనా కాగితమే అయ్యుంటుంది. ఫోన్లో "అలాగేనండీ" అంటే సరిపోదు, మార్చిన ఒప్పందం చేతికొచ్చి, ఒక లాయరు చేత చదివించాకే సంతకం పెట్టండి.