వార్డులో సేఫ్టీ సర్వే పెట్టేముందు

అమ్మణ్ణీ,

ఒంగోల్లో మీ ఐసీయూ స్టాఫ్ చేత పేషెంట్ సేఫ్టీ సర్వే చేయించే పని నీ మీద పడిందని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఇన్నేళ్ళు ఇన్‌ఛార్జ్ సిస్టరుగా చేసినదాన్ని, నాకు తెలిసింది రాస్తన్నా, తీరిగ్గా చదువుకో.

ప్రశ్నలు సొంతంగా తయారు చేయబాక. సేఫ్టీ యాటిట్యూడ్స్ క్వశ్చనేర్ అని ఉంది, ఎస్ఏక్యూ అంటారు, అమెరికాలో టెక్సాస్ యూనివర్సిటీ వాళ్ళు చేసింది, దాని మీద పెద్ద పేపరు 2006లో వచ్చింది. అది పుట్టిందే విమానం పైలట్లకి పెట్టే ప్రశ్నల్లోంచి, కెప్టెన్ పొరపాటు చేస్తుంటే పక్కనున్నోడు నోరు తెరిచి చెప్పగలడా లేదా అని. మన దగ్గర నైట్ డ్యూటీ సిస్టరు పెద్ద డాక్టరుకి చెప్పగలదా అన్నదీ అదే కదా. షార్ట్ ఫారంలో 36 ప్రశ్నలు, ఆరు భాగాలు: టీమ్‌వర్క్, సేఫ్టీ వాతావరణం, ఉద్యోగంలో తృప్తి, స్ట్రెస్ గుర్తించడం, మేనేజ్‌మెంట్ మీద అభిప్రాయం, పని పరిస్థితులు.

అసలు కష్టం ఫారంలో లేదమ్మా, భయంలో ఉంది. పేరు రాయబాకండి అని పైన పెద్దక్షరాల్లో వేస్తారు, కిందనే వయసు, ఆడ మగ, హోదా, ఎన్నేళ్ళ సర్వీసు అని అడుగుతారు, మీ ఐసీయూలో మగ నర్సు ఒక్కడే ఉంటే ఇంక ఆ పిల్లోడు పేరు రాసినట్టే గదా! అందుకే డాక్టరా, నర్సా, ఆయానా, టెక్నీషియనా అన్నంతవరకే అడుగు, ఏ గుంపులోనైనా అయిదుగురు కూడా లేకపోతే వాళ్ళని వేరే గుంపులో కలిపెయ్. గూగుల్ ఫారం పెడితే మెయిల్ ఐడీ తీసుకునే సెట్టింగ్ ఆపెయ్, ఆపావని వాళ్ళకి చూపించు కూడా. కాగితమైతే డబ్బా సూపరింటెండెంట్ రూము ముందర పెట్టబాక, సీసీ కెమెరా కనపడని చోట, డ్రెస్సు మార్చుకునే రూములో పెట్టు. ఇన్‌ఛార్జి చేత మాత్రం ఫారాలు పంచించొద్దు, అందరూ అయిదుకి అయిదు వేయండి అని వాట్సాప్ గ్రూపులో ఒక్క మెసేజ్ పడిందంటే నీ సర్వే అక్కడితో సరి.

సెప్టెంబర్ 17 పేషెంట్ సేఫ్టీ డే అని బ్యానర్లు కట్టే వారంలోనూ, ఆస్పత్రులకి నాణ్యత గుర్తింపు ఇచ్చే ఎన్ఏబీహెచ్ వాళ్ళ ఇన్‌స్పెక్షన్ ముందరా పెట్టబాక, అప్పుడు అందరూ మంచిగానే రాస్తారు.

ఆయాలనీ వార్డ్ బాయ్‌లనీ వదిలిపెట్టొద్దు. మంచం రెయిలింగ్ దించేసి ఉందా, బాత్రూం దగ్గర నీళ్ళు నిలిచాయా అన్నది ముందు వాళ్ళ కంటే పడేది. చదవలేని వాళ్ళకి చదివి వినిపించాలి, అదీ ఆ వార్డుకి సంబంధం లేని మనిషి చేత.

లెక్క తేలికే. ఫారంలో ఒక్కో ప్రశ్నకి 1 నుంచి 5 దాకా జవాబులు, వాటిని మార్కులుగా మార్చాలి: 1, అస్సలు ఒప్పుకోను అంటే 0, ఆ తర్వాత 25, 50, 75, ఇక 5, పూర్తిగా ఒప్పుకుంటా అంటే 100. ఇక్కడ సమస్య కనిపించినా చెప్పడం కష్టం లాంటి తిరగేసిన ప్రశ్నలకి మార్కులు కూడా తిరగెయ్యాలి, మర్చిపోయావంటే లెక్కంతా తారుమారు. ఒక్కో మనిషికి ఒక్కో భాగం సగటు కట్టి, 75 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వచ్చినోళ్ళు నూటికి ఎంతమందో చూడు. ఆరు భాగాలూ కలిపి ఒకే నంబరు చేయబాక. స్ట్రెస్ భాగం దారే వేరు, అలిసిపోతే నా పనిలో తప్పులొస్తాయి అని ఒప్పుకున్నోళ్ళకే అందులో మార్కులు ఎక్కువ పడతాయి.

డాక్టర్లనీ నర్సుల్నీ ఒకే సగటులో కలపొద్దు, ఇది గట్టిగా చెప్తన్నా. 2003లో వచ్చిన ఒక పేపర్లో అమెరికా ఐసీయూల వాళ్ళని అడిగితే నర్సులతో కలిసి పని చేయడం బాగుందన్న డాక్టర్లు 73 శాతం, డాక్టర్లతో బాగుందన్న నర్సులు 33 శాతమే. రెండూ కలిపేసుంటే ఫరవాలేదులే అనిపించేది, ఆ మధ్యనున్న తేడాలోనే పేషెంట్ ప్రాణం ఉంది తల్లీ.

రిజల్ట్ వచ్చాక ఫైల్లో పెట్టి బీరువాలో తాళం వెయ్యబాక. నెల తిరక్కముందే అన్ని షిఫ్టుల వాళ్ళనీ కూర్చోబెట్టి చూపించు, నైట్ వాళ్ళ కోసం నువ్వే రాత్రి పూట పో. మార్కు తక్కువొచ్చిందని ఎవర్నీ నిలదీయనీయొద్దు. వాళ్ళనే ఒక సంగతి ఎంచుకోమను, డ్యూటీ మారేటప్పుడు పేషెంట్ సంగతులు అప్పజెప్పే హ్యాండోవర్ మంచం దగ్గరే చేసుకోవడమో, పొటాషియం క్లోరైడ్ ఆంప్యూల్స్ (ఇంజెక్షన్ మందు గాజు సీసాలు) ఒకదానికొకటి పొరబడకుండా డిస్టిల్డ్ వాటర్ పక్కన లేకుండా వేరే పెట్టి తాళం వేయడమో, అది చేసి చూపించు. మళ్ళా సంవత్సరానికి ఇవే ప్రశ్నలు, ఒక్క అక్షరం మార్చకుండా పెట్టు.

ఫారం సిద్ధమయ్యాక ముందు నలుగురు సిస్టర్ల చేత నింపించి ఎక్కడ తడబడ్డారో రాసుకో, ఆ కాపీ నాకు వాట్సాప్‌లో పంపించు, చూసి చెప్తా.

మీ పెద్దమ్మ,
కావలి