తేలుకి ముసుగు కుట్టేముందు

అమ్మాయీ,

నువ్వు పంపిన బొమ్మల కథ నలభై పేజీలూ చదివాను. రాత్రి ఒకసారి, పొద్దున్న కాఫీతో ఇంకోసారి. బొమ్మలు వేసే చెయ్యి నాకు లేదు కాబట్టి వాటి జోలికి పోను. కథ సంగతే రాస్తాను.

నీ తేలు హీరోకి నల్ల సూటుంది, తోకలో లేజరుంది, పైగా మన విశాఖ డాల్ఫిన్స్ నోస్ కొండమీంచి ఎగురుతాడు. తేలు ఎక్కడ ఎగిరింది తల్లీ? ఆ సూటు విప్పేసి గబ్బిలం సూటు తొడిగితే కథలో ఎన్ని మాటలు మార్చాలో లెక్కపెట్టాను. ఒక్కటీ మార్చక్కర్లేదు. నా బాధంతా అక్కడే.

తేలుని ఎప్పుడైనా తీరిగ్గా చూశావా? చీకట్లో దానిమీద అతినీలలోహిత కాంతి వేస్తే ఒళ్లంతా ఆకుపచ్చగా మెరుస్తుంది. చచ్చిన తేలైనా మెరుస్తుంది. చీకటే తనకు రక్ష అనుకునే హీరోకి ఇంతకన్నా ప్రమాదం ఏం కావాలి? దొంగనోట్లు చూసుకోడానికి వాడే, ఆ కాంతినిచ్చే చిన్న నీలి టార్చి ఒకటి విలన్ చేతికివ్వు. పూర్ణా మార్కెట్ గల్లాపెట్టెల్లో వెతికితే దొరక్కపోదు. కోట్లు ఖర్చుపెట్టి వాడు కట్టిన ఆ రహస్య ప్రయోగశాలతో పనే లేదు.

ఇంకో సంగతి. తల్లితేలు పిల్లల్ని వీపుమీద మోస్తుంది. మొదటిసారి కుబుసం విడిచేదాకా అవి అక్కడే ఉంటాయి. మా చిన్నప్పుడు పెద్దవాళ్లు ఆ పిల్లలు తల్లిని తినేస్తాయని చెప్పి భయపెట్టేవాళ్లు. అది ఉత్త అపనింద. ఆ అపనింద మోస్తూ, వీపున పిల్లల్నీ మోస్తూ తిరిగే ఆడతేలు నీ కథలోకి వస్తే ఎలా ఉంటుందో ఒక్కసారి ఊహించు. జిమ్‌లో కండలు పెంచిన నీ కుర్రాడికన్నా ఆవిడ గురించి చదవాలని నాకుంది.

నేనేదో పుట్టుకతోనే ఇవన్నీ తెలిసినవాణ్ననుకోకు. వెనకటికి ఒక పిల్లల పత్రికలో సాలెపురుగు వీరుడి కథ రాస్తూ ‘ఆరు కాళ్ల మొనగాడు’ అన్నాను. పదిరోజులకి ఒక కార్డు వచ్చింది. "మాస్టారూ, మీ సాలీడు రెండు కాళ్లు ఎవరు విరగ్గొట్టారు?" రాసింది ఐదో క్లాసు పిల్ల. మన భాషలో సాలెపురుగుదీ పురుగు పేరే, తొలకరికి ఎర్ర మఖమల్ గుడ్డముక్కలా బయటికొచ్చే ఆరుద్రపురుగుదీ పురుగు పేరే. కానీ ఆ రెండింటికీ, నీ తేలుకీ కూడా ఎనిమిదేసి కాళ్లు. కీటకానికి ఆరే. కాబట్టి మూడో పేజీలో ‘కీటక వీరుడు’ అన్నమాట కొట్టెయ్. (విశాఖలో పుట్టిన కవి కలం పేరు కూడా ఆరుద్రే కదా. మనకి ఆ పేరుమీద కాస్త హక్కుంది. ఆ బుల్లి ఎర్రదాన్ని ఇంతవరకూ ఎవరూ హీరోని చెయ్యలేదేమో చూడు.)

స్పైడర్‌మ్యాన్‌ని చూసే నీ తేలుకీ రేడియేషన్ పెట్టావని తెలుస్తూనే ఉంది. స్టాన్ లీ, స్టీవ్ డిట్కో కలిసి అతన్ని లోకం మీదికి వదిలింది 1962లో. అమెరికా వాళ్లకి అణుబాంబు భయం కంటిమీద కునుకు లేకుండా చేస్తున్న రోజులవి, అందుకే సాలీడుకి ఆ రోగం అంటించారు. మన ఊరికి భయాలు కరువా? పొద్దున్నే కిటికీ ఊచల్ని వేలితో రాస్తే అంటుకునే నల్లదుమ్ముంది. 2014 అక్టోబరు 12న ఊరి చెట్లన్నీ పడగొట్టిన హుద్‌హుద్ తుఫాను ఉంది. నెత్తిన జుట్టున్న ఒక చిన్న పిట్ట పేరది, అంత గాలికి పెట్టారు! అవన్నీ వదిలేసి అరవై ఏళ్లనాటి అరువు భయం ఎందుకు?

వాళ్ల దగ్గర నేర్చుకోవాలంటే ఇది నేర్చుకో. మొదటి కథల్లో స్పైడర్‌మ్యాన్ విసిరే వల అతని ఒంట్లోంచి రాదు. సొంతంగా చేసుకున్న యంత్రం మణికట్టుకి కట్టుకుంటాడు. అందులో ద్రవం అయిపోతుంది, సరిగ్గా కావలసినప్పుడే అయిపోతుంది. నీవాడికి ఏది అయిపోతుంది? నలభై పేజీల్లో నాకు కనపడలేదు.

ఇక విలన్. నువ్వు కందిరీగని ఎంచుకున్నావు, ఆ ఎంపికకి నూటికి నూరు. కానీ వాడిచేత బ్యాంకు దోపిడీ చేయించావేమిటి! భ్రమరకీటక న్యాయం విన్నావా? కందిరీగ మట్టిగూడులో పురుగుని పెట్టి మూసేస్తుంది. కొన్నాళ్లకి అందులోంచి కందిరీగే బయటికొస్తుంది. పురుగు భయంతో రీగనే తలచుకుని తలచుకుని తానే రీగ అయిపోయిందన్నారు పెద్దలు. వేదాంతానికి బాగుంది. గూట్లో జరిగేది వేరు. రీగ ఆ పురుగుని చంపకుండా, ఒళ్లు చచ్చుబడేలా కుడుతుంది. దానితోపాటే గుడ్డు పెట్టి గూడు మూస్తుంది. గుడ్డులోంచి వచ్చిన పిల్ల, ఇంకా ప్రాణమున్న ఆ పురుగుని కొంచెం కొంచెంగా తిని పెరుగుతుంది. ఇప్పుడు నీ విలన్ని గురువుని చేసి చూడు. "నన్నే ధ్యానించండి నాయనా, నాలాగే అవుతారు" అంటాడు. మెత్తని గొంతు. తలుపు మూసుకుంటుంది. కొన్నాళ్లకి తలుపు తీసుకుని ఒకడు వస్తాడు, లోపలికి వెళ్లినవాడు మాత్రం కాదు.

నీ హీరోకీ వాడికీ పగ ఎందుకు అని అడిగితే ‘వాడు చెడ్డవాడు కాబట్టి’ అన్నావు ఫోన్లో. శ్రీకాళహస్తి కథ తెలుసు కదా. పాము మణులు తెచ్చి లింగం మీద పెడుతుంది. ఏనుగు నీళ్లతో కడిగి ఆకులు పెడుతుంది. ఏనుగు వచ్చి మణులు తోసేస్తుంది, పాము వచ్చి ఆకులు తోసేస్తుంది. నా స్వామికి ఈ అపచారం చేసిందెవరని రెండూ పళ్లు నూరతాయి. చివరికి పాము తొండంలో దూరుతుంది, ఏనుగు తల బాదుకుంటుంది, రెండూ పోతాయి. ఇద్దరిలో విలన్ ఎవరు? ఆ తూకం నాకు ఇప్పటికీ కుదరలేదు. నీకు ఒక్క పేజీలో కుదిరినా నీ దగ్గరికొచ్చి పాఠం చెప్పించుకుంటాను.

మాటల గురించి ఒక్క ముక్క. "నీ అంతం ఆసన్నమైంది, దుర్మార్గుడా" అని గాజువాక కుర్రాడు అనడు. "ఏట్రా, ఏటి నీ గోల?" అంటాడు. అన్నాక కొడతాడు.

ఆదివారం పొద్దున్న మా పెదవాల్తేరు ఇంటికి రా. పెరట్లో మామిడిచెట్టుకి ఎర్రచీమలు గూడు కడుతున్నాయి. కొన్ని వరసగా నిలబడి ఆకు అంచులు దగ్గరికి లాగి పట్టుకుంటాయి. ఇంకొన్ని తమ పిల్లపురుగుల్ని నోట కరుచుకుని, వాటినుంచి వచ్చే పట్టుదారంతో ఆ అంచుల్ని అతికిస్తాయి. గంటసేపు చూద్దాం, నోటుబుక్కు తెచ్చుకో. చేతులు నిండుగా ఉన్న పాత చొక్కా వేసుకో, మీద పడితే వదలవు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు